కంపెనీ కారు జీతం కాదు

"జీతం కాస్త తగ్గినా ఫరవాలేదు, కారు ఇస్తున్నారంటే కళ్లు మూసుకుని చేరిపో." హైదరాబాద్ శివార్లలోని కందుకూరు, తుక్కుగూడ, ఇబ్రహీంపట్నం ప్రాంతాల్లో ఉద్యోగం మారే ఆలోచనలో ఉన్న ఎవరిని కదిలించినా ఈ సలహా వినిపిస్తోంది. బావమరిది చెబుతాడు, పాత మేనేజరు చెబుతాడు, ఉద్యోగాలు కుదిర్చే కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేసి మరీ చెబుతారు. నలుగురూ ఒకే మాట అనేసరికి లెక్క వేసి చూడాలన్న ఆలోచనే ఎవరికీ రావడం లేదు. వేసి చూస్తే ఈ సలహా చాలామంది ఉద్యోగులను ముంచుతుందని తేలుతుంది.

ఈ మాటకు ఇక్కడ ఇంత ఊపు రావడానికి కారణం ఉంది. ఆదిభట్లలో విమాన విడిభాగాల పరిశ్రమలు, తుక్కుగూడ వైపు ఫ్యాబ్ సిటీ ఏనాడో వచ్చాయి. కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ ప్లాంటుకు 2023 మేలో పునాది పడింది. కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో 2024 ఆగస్టు 1న స్కిల్స్ యూనివర్సిటీకి శంకుస్థాపన జరిగింది. ఇక్కడ కట్టే కొత్త నగరం కోసం 2025 మార్చిలో ఫ్యూచర్ సిటీ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడి, కందుకూరు సహా 7 మండలాల్లోని 56 గ్రామాలు, సుమారు 765 చదరపు కిలోమీటర్లు దాని కిందికి వెళ్లాయి. ఉద్యోగాలు మారే సందర్భాలు పెరిగాయి, మనుషుల కోసం కంపెనీల మధ్య పోటీ పెరిగింది. పోటీలో జీతం పెంచడం కంటే కారు చూపించడం తేలిక. కుర్రవాళ్లు ఆ తాళం చెవి దగ్గరే ఆగిపోతున్నారు.

ముందు వాళ్ల వాదన

ఎదుటి వాదాన్ని బలహీనం చేసి చెప్పి గెలవడం గెలుపు కాదు కాబట్టి, దాన్ని ఉన్నంత బలంగానే చెబుతాను.

సొంతంగా కారు కొంటే డౌన్ పేమెంటు, ఈఎంఐ, బీమా, సర్వీసు, టైర్లు, పెట్రోలు అన్నీ మన నెత్తినే. షోరూం గేటు దాటిన రోజు నుంచే బండి ధర పడిపోతుంది. కంపెనీ కారైతే ఇవన్నీ కంపెనీ భరిస్తుంది. పైగా ఆ సొమ్మును జీతంగా తీసుకుంటే పన్ను పడుతుంది, కారుగా తీసుకుంటే నామమాత్రం. మెట్రో ఎల్బీ నగర్ దగ్గరే ఆగిపోయింది, కందుకూరు నుంచి షిఫ్టు వేళకు డ్యూటీకి చేరాలంటే సొంత బండి తప్పదు. వాకిట్లో కారు నిలబడితే ఊళ్లో, సంబంధాల వాళ్ల దగ్గర విలువ పెరుగుతుంది. కాబట్టి జీతంలో పదో పదిహేనో వేలు తగ్గినా నికరంగా లాభమే.

ఇదీ వాదన. వినడానికి నిండుగా ఉంది. ఒక్కో అంచెనూ విప్పి చూద్దాం.

1. కారు విలువ కంపెనీ ఖర్చుతో కట్టేది కాదు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక సూపర్‌వైజర్‌కు రెండు ఆఫర్లు ఉన్నాయి. ఒకటి నెలకు 80,000. రెండోది నెలకు 65,000, దాంతోపాటు కారు. రెండో కంపెనీ హెచ్‌ఆర్ ఇలా చెబుతారు: "కారు తరుగు, బీమా, సర్వీసు, పెట్రోలు కలిపి మీమీద మాకు నెలకు 20,000 ఖర్చవుతుంది. మీకు తగ్గేది 15,000. అంటే నెలకు 5,000 మీకే మిగులు."

ఇందులో అంకెలన్నీ నిజమే అనుకుందాం. తీర్మానం మాత్రం తప్పు. 20,000 అనేది కంపెనీ పెట్టే ఖర్చు. మీకు కలిగే లాభం మాత్రం, కారు రావడం వల్ల మీ జేబులోంచి పోకుండా ఆగిన డబ్బు. ఈ రెండూ ఒకటే అని ఎవరు రుజువు చేశారు?

ఆ సూపర్‌వైజర్ ఇప్పుడు మోటార్ సైకిల్ మీద డ్యూటీకి వెళ్తున్నాడనుకోండి. రానూ పోనూ రోజుకు 50 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు, మొత్తం 1,250 కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండికి 25 లీటర్లు పడుతుంది. లీటరు 107 రూపాయల లెక్కన సుమారు 2,700. బండి సర్వీసుకు ఓ 500. ఇంటిల్లిపాదీ పెళ్లికో గుడికో వెళ్లినప్పుడు మాట్లాడుకునే అద్దె కారుకు సగటున ఓ 2,000. అన్నీ కలిపినా 5,200. కంపెనీ కారు ఈ 5,200ను మాత్రమే ఆదా చేస్తుంది. దానికోసం 15,000 వదులుకుంటున్నాడు. అంటే నెలకు దాదాపు 10,000, ఏడాదికి దాదాపు 1,20,000 నష్టం. ప్లాంటు బస్సులో వెళ్లే వాళ్లకు ఈ నష్టం ఇంకా ఎక్కువ.

"కారులో సుఖం లేదా? వానలో తడవకుండా వెళ్లడానికి విలువ లేదా?" అంటారు. ఉంది, తప్పకుండా ఉంది. శ్రీశైలం రోడ్డు మీద లారీల మధ్య రాత్రి పూట బండి నడిపేవాళ్లకు ఆ విలువ ఏమిటో బాగా తెలుసు. ఆ సుఖానికి ఎంత ఇవ్వాలో నిర్ణయించుకునే హక్కు మాత్రం ఉద్యోగిది. 80,000 చేతికి వస్తే అందులోంచి నాలుగు లక్షల సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కోవచ్చు. కొత్తదే కావాలంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. తెలంగాణలో ఎలక్ట్రిక్ కారుకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. లేదా కారే కొనకుండా ఆ డబ్బు అప్పు తీర్చడానికో, అమ్మాయి చదువుకో మళ్లించవచ్చు. డబ్బు కారు కాగలదు, ఫీజు కాగలదు, మందులు కాగలదు. కంపెనీ కారు కారు తప్ప మరొకటి కాలేదు.

ఇప్పటికే కారున్నవాళ్ల పరిస్థితి మరీ అన్యాయం. కంపెనీ కారు వచ్చిందని పాత కారు ఈఎంఐ ఆగదు. అమ్మితే నష్టానికి అమ్మాలి, ఉంచితే వాడని బండికి కూడా బీమా కట్టాలి. జీతం మాత్రం ఆ రోజు నుంచే తగ్గిపోతుంది.

2. పన్ను ఆదా అన్నది చాలామందికి సున్నా

ఈ వాదంలో అన్నిటికంటే ఎక్కువగా మోగే మాట ఇదే, అన్నిటికంటే బోలుది కూడా ఇదే.

కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల దాకా ఆదాయం ఉన్నవాళ్లకు రిబేటు వల్ల పన్ను లేదు. జీతం మీద బతికేవాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుంటే 12,75,000 దాకా సున్నా. మన సూపర్‌వైజర్ జీతం నెలకు 80,000 అంటే ఏడాదికి 9,60,000. అతను కట్టాల్సిన పన్నే లేదు. కట్టని పన్నులో ఆదా ఎక్కడి నుంచి వస్తుంది? ఏడాదికి 1,80,000 జీతం వదులుకుని అతను మిగుల్చుకునే పన్ను అక్షరాలా సున్నా రూపాయలు. ఈ ప్రాంతంలోని ప్లాంటుల్లో, గోదాముల్లో, సేల్స్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లలో చాలామంది ఈ పరిధిలోనే ఉంటారు. అయినా వాళ్లకే ఈ పన్ను ఆదా కథ చెబుతున్నారు.

పెద్ద జీతాల వాళ్లకు ఆదా నిజమే. 1962 ఆదాయపు పన్ను నిబంధనల్లోని మూడో నిబంధన కింద, కంపెనీ ఇచ్చి, ఖర్చులు కూడా భరించి, ఆఫీసు పనికీ సొంత పనికీ వాడుకునే కారుకు 2009 నుంచి ఏళ్ల తరబడి ఒకే లెక్క నడిచింది. ఇంజిను 1.6 లీటర్ల లోపైతే నెలకు 1,800, దాటితే 2,400, డ్రైవర్ ఉంటే మరో 900 జీతానికి కలిపేవారు. ఈ అంకెలతో, ఏడాదికి 30 లక్షలు తెచ్చుకునే అధికారి నెలకు 30,000 విలువైన పెద్ద కారును డ్రైవరుతో సహా తీసుకున్నాడనుకోండి. 3,60,000 బదులు 39,600 మీదే పన్ను పడుతుంది. 30 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి ఏడాదికి లక్ష దాకా మిగులుతుంది. కొండాపూర్‌లో కూర్చున్న డైరెక్టరుకు సరిపోయే ఈ లెక్కను కందుకూరు నుంచి షిఫ్టుకు వెళ్లే మనిషికి అంటగట్టడమే ఇక్కడ జరుగుతున్న తప్పు.

అసలు ఆ మిగులు కూడా శాశ్వతం కాదు. కారు విలువ ఎంతని లెక్కకట్టాలో చెప్పే అంకె ప్రభుత్వం చేతిలో ఉంటుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి దానిదే అమలు. చట్టమే మారే కాలంలో, పాత నిబంధనలోని ఒక అంకెను నమ్ముకుని జీతం తగ్గించుకోవడం వివేకం కాదు. బ్రిటన్ అనుభవం చూడండి. 1970లలో అక్కడి ప్రభుత్వం జీతాల పెంపు మీద పరిమితులు పెడితే కంపెనీలు జీతం పెంచే దారి లేక కార్లు పంచాయి. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు ఆ కార్ల మీద పన్ను పెంచుకుంటూ పోయాయి, 2002 నుంచి బండి వదిలే పొగను బట్టి కట్టే పద్ధతి పెట్టాయి. ఒక విషయం గమనించాలి. అక్కడ కారు జీతం మీద అదనంగా మొదలైంది. ఇక్కడ జీతం కోసి ఇస్తున్నారు.

3. "కంపెనీ కారు" చాలాసార్లు కంపెనీది కాదు

ఆఫర్ లెటర్‌లో "కారు సదుపాయం" అని ఉంటే అది ఏ రకమో అడగనివాళ్లే ఎక్కువ. ఒక రకంలో కారు నిజంగా కంపెనీ ఆస్తి, ఖర్చులూ దానివే. ఇంకో రకంలో కారు మీదే, కంపెనీ కొంత పెట్రోలు, సర్వీసు బిల్లులు తిరిగి ఇస్తుంది. మూడోది లీజు. పెద్ద కంపెనీల్లో ఎక్కువగా కనబడేది ఈ మూడోదే.

లీజు అంటే ఏమిటి? కారు లీజింగ్ సంస్థ పేరున ఉంటుంది. దాని నెల అద్దె మీ మొత్తం ప్యాకేజీ, అంటే సీటీసీలోంచి కోస్తారు. గడువు మామూలుగా మూడు నాలుగేళ్లు. మీ డబ్బుతోనే అద్దె కట్టి, దానికి "కంపెనీ ఇచ్చిన కారు" అని పేరు పెట్టారు. గడువు మధ్యలో మీరు రాజీనామా చేస్తే, ముందుగా ముగించినందుకు జరిమానా కట్టాలి, లేదా మిగిలిన సొమ్ము చెల్లించి కారు మీరే కొనుక్కోవాలి, లేదా కొత్త కంపెనీ ఆ లీజును తన మీదికి తీసుకునేలా ఒప్పించాలి. ఉద్యోగం మారే స్వేచ్ఛ కోసం కంపెనీలు మారుతున్న మనిషి, మొదటి రోజే నాలుగేళ్లకు కాళ్లకు కట్టు వేసుకుంటున్నాడు.

నిజంగానే కంపెనీ ఆస్తి అయిన కారు విషయంలో కూడా లాభం ఎటు పోతుందో తెలుసుకోవాలి. కారు తరుగును కంపెనీ ఏడాదికి 15 శాతం చొప్పున తన ఆదాయంలోంచి మినహాయించుకుంటుంది, ఎలక్ట్రిక్ కారైతే 40 శాతం. నాలుగేళ్ల తర్వాత అమ్మితే వచ్చే డబ్బూ దానిదే. క్లెయిములు లేకుండా జాగ్రత్తగా నడిపినందుకు బీమాలో వచ్చే నో క్లెయిమ్ బోనస్, ఐదేళ్లకు 50 శాతం దాకా పెరిగేది, అది కూడా యజమాని ఖాతాలోకే. నడిపింది మీరు, జాగ్రత్త మీది, ఫలం వాళ్లది. కంపెనీ తన లెక్క తాను చూసుకోవడంలో తప్పు లేదు. మన లెక్క మనం చూసుకోకపోవడమే తప్పు.

4. జీతంతో పాటు ఇంకేమేం పోతున్నాయి?

"నెలకు 15,000 తగ్గింది" అని చెప్పేవాళ్లు అక్కడితో ఆపేస్తారు. జీతం అంకె ఒంటరిది కాదు, దాని మీద నిలబడినవి చాలా ఉన్నాయి.

మొదటిది పీఎఫ్. బేసిక్ జీతంలో సగం అనుకుంటే 80,000కు 40,000, 65,000కు 32,500. తేడా 7,500. పూర్తి బేసిక్ మీద పీఎఫ్ కట్టే కంపెనీలో ఉద్యోగి వాటా 12 శాతం, కంపెనీ వాటా 12 శాతం కలిపి నెలకు 1,800, ఏడాదికి 21,600 తక్కువగా జమ అవుతుంది. దీని మీద ఏటేటా వచ్చే వడ్డీ, 2024-25లో 8.25 శాతం, అదీ పోతుంది. (15,000 పరిమితి మీదే పీఎఫ్ కట్టే కంపెనీలో ఈ తేడా ఉండదు. ముందుగా అడిగి తెలుసుకోవాలి.)

రెండోది గ్రాట్యుటీ. పనిచేసిన ప్రతి ఏడాదికి చివరి నెల బేసిక్‌లో 26కు 15 వంతులు. 7,500 తేడా మీద ఏడాదికి 4,327. పదేళ్లు చేస్తే 43,000 పైచిలుకు. జీతాలు పెరిగే కొద్దీ ఈ తేడా కూడా పెరుగుతుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు మొత్తం ప్రతిఫలంలో కనీసం సగాన్ని వేతనంగా లెక్కించాలంటున్నాయి. వేతనం అనే అంకెకు ఇదివరకటి కంటే విలువ పెరిగిన సమయంలో దాన్ని కోసుకోమని సలహా ఇస్తున్నారు.

మూడోది ఆడవాళ్లకు మరీ ముఖ్యం. 26 వారాల ప్రసూతి సెలవులో వచ్చేది వేతనం. నెలకు 15,000 తక్కువైతే ఆరు నెలల్లో 90,000 తక్కువ. ఆ ఆరు నెలలూ కారు ఇంటి దగ్గర ఉంచుతారా, వెనక్కి తీసుకుంటారా? ఆఫర్ లెటర్‌లో ఆ ముక్క రాసి ఉందో లేదో చూసుకోండి.

నాలుగోది ఇంటి అప్పు. మామూలుగా బ్యాంకులు చేతికొచ్చే జీతంలో సగం దాకా ఈఎంఐకి ఒప్పుకుంటాయనుకుంటే, 15,000 తగ్గితే ఈఎంఐ శక్తి 7,500 తగ్గుతుంది. 20 ఏళ్ల గడువుకు, 8.5 శాతం వడ్డీకి లక్షకు నెలకు 868 రూపాయలు పడుతుంది. అంటే దొరికే అప్పు ఎనిమిదిన్నర లక్షలు తగ్గిపోతుంది. కంపెనీ ఇచ్చిన కారును బ్యాంకు మేనేజరు ఆదాయంగా రాసుకోడు. ఫ్యూచర్ సిటీ పేరు వినబడినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల నేల ధరలు ఎలా పరుగెత్తాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. సొంత ఇల్లు కట్టుకోవాలనుకునే మనిషికి ఎనిమిదిన్నర లక్షల తేడా అంటే చాలాసార్లు పై అంతస్తు ఆగిపోవడం.

ఐదోది అన్నిటికంటే పెద్దది, ఎవరూ మాట్లాడనిది. మళ్లీ ఉద్యోగం మారినప్పుడు కొత్త కంపెనీ ఏం అడుగుతుంది? చివరి మూడు నెలల పే స్లిప్పులు. వాటి మీద ఇంత శాతం పెంచుతామంటుంది. 30 శాతం పెంచిందనుకుందాం. 65,000 మీద 84,500 అవుతుంది. 80,000 మీద 1,04,000. తేడా నెలకు 19,500. అప్పటికి కారు పాత కంపెనీ పార్కింగ్‌లో ఉంటుంది. ఒకసారి తగ్గించుకున్న జీతం ఆ తర్వాతి ప్రతి ఉద్యోగంలోనూ వెంటాడుతుంది. పాతికేళ్లు పని చేయాల్సిన కుర్రవాడికి కారు సంగతి నాలుగేళ్లది, జీతం సంగతి పాతికేళ్లది. "నికర లాభం" అనేవాళ్లు నాలుగేళ్ల దగ్గరే లెక్క ఆపేస్తున్నారు.

5. అవసరం ముంచుకొచ్చిన రోజే కారు వెళ్లిపోతుంది

ఉద్యోగం ఎందుకు పోతుంది? కంపెనీ మూతపడొచ్చు, ఆర్డర్లు తగ్గొచ్చు, మనకే జబ్బు చేయొచ్చు. ఆ రోజు జీతం ఆగుతుంది, అదే రోజు తాళం చెవీ ఇచ్చేయాలి. ఇంటర్వ్యూలకు తిరగాల్సిన సమయంలో, నాన్నను డయాలసిస్‌కు నగరానికి తీసుకెళ్లాల్సిన సమయంలో వాకిలి ఖాళీ. ఈలోగా ఇంటి బతుకంతా ఆ కారు చుట్టూ అల్లుకుపోయి ఉంటుంది. పిల్లలను దూరంగా ఉన్న బడిలో వేసి ఉంటారు, పాత బండి అమ్మేసి ఉంటారు. నెలనెలా 15,000 ఎక్కువ జీతం వచ్చిన మనిషి దగ్గర ఆ రోజుకు కొంత డబ్బైనా దాచినది ఉంటుంది. కారు తీసుకున్న మనిషి దగ్గర నాలుగేళ్ల పెట్రోలు బిల్లులు ఉంటాయి.

6. "బండి ఉంది కదా, వెళ్లి రా"

కంపెనీ కారుకు షరతులుంటాయి. నెలకు ఇన్ని లీటర్లే. కుటుంబ సభ్యులు నడపకూడదు. రాష్ట్రం దాటితే ముందు అనుమతి తీసుకోవాలి. కందుకూరు మీదుగా పోయే హైవే వెళ్లేది శ్రీశైలానికి, అది పక్క రాష్ట్రంలో ఉంది. వాకిట్లో కారు పెట్టుకుని మల్లన్న దర్శనానికి ఆఫీసు మెయిల్ కోసం ఎదురుచూడాలి. ఔటర్ రింగ్ రోడ్డు టోల్ ఎవరు కడతారో రాసి లేకపోతే అది మీ జేబులోంచే. అతివేగం చలాన్ కంపెనీ పేరున వస్తుంది, మీ జీతంలోంచి పోతుంది. ప్రమాదం జరిగితే కేసు నడిపిన మనిషి మీదే.

అంతకంటే పెద్ద ధర సమయం. చేతిలో కంపెనీ బండి ఉన్న ఉద్యోగికి "పటాన్‌చెరు వెళ్లి శాంపిల్ ఇచ్చి రా", "దారిలో ఫలానా సార్‌ను ఎక్కించుకో" అనే ఫోన్లు ఆదివారం కూడా వస్తాయి. కారు ఇచ్చారన్న మొహమాటం నోరు కట్టేస్తుంది. ఆ గంటలకు ఓవర్‌టైం ఉండదు. కారు విలువ కట్టే ఏ కాగితంలోనూ ఈ గంటల వరస కనబడదు.

7. పరువు మాట

దీని మీద ఎక్కువ రాయను. ఆర్‌సీలో పేరు కంపెనీది, లేదంటే లీజింగ్ సంస్థది. పెళ్లి సంబంధాల వాళ్లకు ఈ సంగతి తెలిసే రోజు వస్తుంది. పరువు కోసం ఏడాదికి లక్షా ఎనభై వేలు వదులుకునే స్థితిలో ఈ మండలంలో ఉద్యోగం చేసుకునే కుటుంబాలు లేవు.

8. కందుకూరులో కారు లేనిదే కుదరదా?

ఈ ఒక్క అంచెలో నిజమైన బాధ ఉంది. మెట్రో లేదు, వేళకు బస్సు లేదు, షిఫ్టు అర్ధరాత్రి ముగుస్తుంది. దీనికి జవాబుగా ప్రతి ఉద్యోగికీ ఒక కారు ఇచ్చి, ఆ ఖర్చు అతని జీతంలోంచే లాగడం మాత్రం పరిష్కారం అనిపించుకోదు. ఉద్యోగులను ప్లాంటుకు చేర్చడం కంపెనీ బాధ్యత, రోడ్డు మీద బస్సు నడపడం ప్రభుత్వ బాధ్యత. ఇద్దరూ తమ బరువును మెల్లగా ఉద్యోగి భుజం మీదికి జరుపుతుంటే, దాన్ని "సదుపాయం" అని మనమే పొగుడుతున్నాం.

స్టాఫ్ బస్సు నడిపే కంపెనీలు ఈ దారిలో ఉన్నాయి. ఒక బస్సు నలభై మందిని చేరవేస్తుంది, అది ఎవరి జీతమూ కోయదు. మహిళలకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. ఆ బస్సులు షిఫ్టు వేళలకు కందుకూరు, ఇబ్రహీంపట్నం నుంచి పారిశ్రామిక వాడల దాకా నడిస్తే వేలమందికి కారు అవసరమే ఉండదు. కొత్త నగరం కడుతున్న చోట, ఉద్యోగం వచ్చిన ప్రతి మనిషీ ఒక్కడే ఒక కారులో రోడ్డెక్కితే, మియాపూర్, గచ్చిబౌలి వైపు చూసిన ట్రాఫిక్ నరకాన్ని 56 గ్రామాల్లోకి మనమే పిలిచినట్టు.

మరి ఎవరు తీసుకోవచ్చు?

తీసుకోదగిన వాళ్లు ఉన్నారు. ఆదాయం 30 శాతం శ్లాబులో ఉండి, ఎలాగూ ఆ స్థాయి కారే కొనబోతూ, పెట్రోలు, సర్వీసు, బీమా పూర్తిగా కంపెనీ భరిస్తూ, కనీసం లీజు గడువు దాకా అక్కడే ఉంటానన్న నమ్మకం ఉన్నవాళ్లకు లెక్క కలిసి రావచ్చు. రోజంతా జిల్లాలు తిరిగే సేల్స్ మేనేజరుకు కారు కావాలి. అది అతని పనిముట్టు కాబట్టి జీతం తగ్గించకుండానే కంపెనీ ఇవ్వాలి. తాపీ మేస్త్రీకి సిమెంటు ఇచ్చి కూలీ తగ్గించం కదా. పనికి వాడే కారును జీతంలో కోత పెట్టి ఇచ్చే కంపెనీ తన వ్యాపార ఖర్చును ఉద్యోగి చేత కట్టిస్తోంది.

మిగతా అందరి విషయంలో న్యాయమైన పద్ధతి ఒక్కటే: ఉద్యోగి కారు వద్దంటే దాని డబ్బు చేతికివ్వాలి. ఇది వింత కోరిక కాదు. కేంద్ర ప్రభుత్వంలో కారుకు అర్హత ఉన్న 14వ లెవెల్, ఆపై అధికారులు కారు వద్దనుకుంటే ఏడో వేతన సంఘం తర్వాత నెలకు 15,750, దాని మీద డీఏ రవాణా భత్యంగా తీసుకోవచ్చు. వాళ్లు కారు ఎంచుకున్నా మూల వేతనం తగ్గదు. కంపెనీ కార్లకు పేరుపడ్డ బెల్జియం 2019లో చట్టం చేసి, కారును వదులుకుని ఆ బడ్జెట్‌ను చిన్న కారుకో, రైలు పాసుకో, నగదుకో మార్చుకునే వీలు కల్పించింది. ఢిల్లీలో జాయింట్ సెక్రటరీకి, బ్రసెల్స్‌లో గుమాస్తాకు ఉన్న ఎంపిక ఆదిభట్లలో ఇంజనీరుకు ఎందుకు ఉండకూడదు?

ఈ ప్రశ్న వేయగానే కంపెనీ నిజరూపం తెలిసిపోతుంది. కారు విలువ 20,000 అని కాగితం మీద రాసిన హెచ్‌ఆర్‌ను "కారు వద్దు, ఆ 20,000 జీతంలో కలపండి" అని అడగండి. కలిపితే ఆ విలువ నిజం. "కుదరదు, 5,000 కలుపుతాం" అంటే, ఇన్నాళ్లూ మీకు 20,000 అని చెప్పిన వస్తువు ఖరీదు వాళ్ల దృష్టిలోనే 5,000.

కాబట్టి ఆఫర్ లెటర్ మీద సంతకం చేయబోయే ప్రతి తమ్ముడికీ, చెల్లెలికీ ఒక విన్నపం. ముందు ఒక మెయిల్ పంపండి. కారు లేకుండా నెల జీతం ఎంత, కారు సొంతమా లీజా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, పెట్రోలు పరిమితి ఎంత, సెలవులో కారు ఎవరి దగ్గర ఉంటుంది, ఈ ఐదూ అడగండి. ఫోన్లో చెప్పే జవాబును లెక్కలోకి తీసుకోకండి. మెయిల్‌లో జవాబు వచ్చేదాకా సంతకం చేయకండి.